సగం ఎరుపు, సగం నీలం: సైక్లోన్‌లోని సుడిని బొమ్మలో సరిగ్గా చూడటం ఎలా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపురంలో ఎం.టెక్ ప్రాజెక్టు కోసం 400 మిల్లీమీటర్ల సైక్లోన్‌ని, అంటే గాలిని సుడి తిప్పి దుమ్ముని విడదీసే రేకు డబ్బాని, ఓపెన్‌ఫోమ్ అనే గాలి ప్రవాహం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో నడిపావు, ఫలితాలని బొమ్మలుగా చూపే పారావ్యూలో తెరిచి మధ్యకి నిలువుగా కోసి వేగంలో వై భాగానికి రంగు వేశావు, సగం ఎరుపు సగం నీలం వచ్చింది. మీ సారేమో "ఇది కాదు, టాంజెన్షియల్, రేడియల్, యాక్సియల్ మూడూ విడివిడిగా పట్టుకురా" అన్నారు, అంటే చుట్టూ తిరిగే వేగం, నడిమి గీత నుంచి లోపలికీ బయటికీ పోయే వేగం, గీత వెంట పైకీ కిందికీ పోయే వేగం. మెనూ అంతా గాలించినా ఆ పేర్లతో ఏ బటనూ దొరకలేదు, అసలు లెక్కే తప్పేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంతే కదా. లెక్క సంగతి తర్వాత చూద్దాం, నీ బొమ్మ మాత్రం తప్పు కాదు. అది నిజమే చెప్పింది, నువ్వు అడిగిన ప్రశ్నకి. ప్రశ్నే వేరేది అడగాల్సింది.

గానుగెద్దుని ఎప్పుడైనా చూశావా? మా తాతగారి ఊళ్ళో, కాశీనగర్ అవతల, నా చిన్నప్పుడు ఇంకా ఒకటి ఉండేది. నువ్వు ఒక పక్కన కదలకుండా నిలబడి చూస్తే ఎద్దు ఇటు వచ్చినప్పుడు నీ ఎదురుగా వస్తుంది, అటు పోయాక నీ నుంచి దూరంగా వెళ్తుంది. ఎద్దు దిక్కేమీ మార్చుకోలేదు, పొద్దున్నుంచీ ఒకే వైపు తిరుగుతోంది. నీ కోతలో జరిగిందీ అదే. జెడ్ పైకి, వై సున్నా దగ్గర కోత అనుకుంటే, కుడి పక్కనున్న గాలికి వై దిశ అంటే అచ్చంగా చుట్టూ తిరిగే దిశ, ఎడమ పక్కకి వచ్చేసరికి అదే గాలి వై కి ఎదురు తిరిగి ఉంటుంది. అందుకే ఒక పక్క ప్లస్సు, ఇంకో పక్క మైనస్సు. పారావ్యూకి ఎక్స్, వై, జెడ్ తప్ప ఇంకేమీ తెలీదు. నీ సైక్లోన్ నడిమి గీత ఎక్కడుందో, ఏ దిక్కుకి ఉందో దానికి ఎవరూ చెప్పలేదు. చుట్టూ తిరిగే వేగం, లోపలికీ బయటికీ పోయే వేగం అన్న మాటలు ఆ గీత తెలిశాకే పుడతాయి. అందుకే బటన్ లేదు. నువ్వే తయారు చేసుకోవాలి, రెండు నిమిషాల పని.

పారావ్యూలో క్యాలిక్యులేటర్ ఫిల్టర్ తెరువు. నడిమి గీత సరిగ్గా జెడ్ మీద ఉందనుకుందాం. ముందు ఆర్ కావాలి, అంటే గీత నుంచి దూరం: ఎక్స్ స్క్వేర్, వై స్క్వేర్ కలిపి వర్గమూలం. చుట్టూ తిరిగే వేగం కావాలంటే ఎక్స్‌ని వై-వేగంతో గుణించు, అందులోంచి వై ని ఎక్స్-వేగంతో గుణించినది తీసెయ్యి, మిగిలినదాన్ని ఆర్‌తో భాగించు. రేడియల్‌కి ఎక్స్‌ని ఎక్స్-వేగంతో, వై ని వై-వేగంతో గుణించి రెండూ కలిపి ఆర్‌తో భాగించు. యాక్సియల్‌కి లెక్కే అక్కర్లేదు, జెడ్-వేగమే అది. ఈ గుర్తుల ప్రకారం పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు తిరిగేది ప్లస్సు. నీ ఇన్‌లెట్ రెండో వైపుంటే టాంజెన్షియల్ అంతా మైనస్‌లో వస్తుంది, కంగారు పడకు, గుర్తు తిప్పుకో, కానీ తిప్పావని రిపోర్టులో రాయి.

మూడు చిన్న గోతులున్నాయి ఇక్కడ. ఒకటి, ఓపెన్‌ఫోమ్ గాలి ఉన్న చోటంతా చిన్న గడులుగా (మెష్) విడగొట్టి, విలువల్ని ఒక్కో గడి (సెల్) మధ్యలో దాచుతుంది. క్యాలిక్యులేటర్‌లో కోఆర్డినేట్లు మాత్రం పాయింట్ డేటాకే, అంటే గడుల మూలల దగ్గరి విలువలకే, దొరుకుతాయి, కాబట్టి పైన ఎట్రిబ్యూట్ టైప్ దగ్గర పాయింట్ డేటా పెట్టకపోతే ఎక్స్, వై దాని లిస్టులోనే కనపడవు. రెండు, సరిగ్గా గీత మీద ఆర్ సున్నా, సున్నాతో భాగహారం, అక్కడ చుక్కలు చుక్కలుగా పిచ్చి రంగు వస్తుంది. రీప్లేస్ ఇన్‌వ్యాలిడ్ రిజల్ట్స్ టిక్ పెడితే పోతుంది. మూడోది చాలామంది పట్టించుకోరు: ముందు కోత కొయ్యి, ఆ కోత మీద క్యాలిక్యులేటర్ వెయ్యి. అటుది ఇటు చెయ్యకు. గాలి ఉన్న మొత్తం చోటు (డొమైన్) మీద టాంజెన్షియల్ లెక్కగట్టి తర్వాత కోస్తే, సాఫ్ట్‌వేర్ పక్కపక్క పాయింట్ల టాంజెన్షియల్ విలువల్ని సగటు తీసి కోత మీద పెడుతుంది. గీతకి దగ్గర్లో పక్కపక్క పాయింట్లకే టాంజెన్షియల్ దిశ తొంభై డిగ్రీలు తిరిగిపోయి ఉంటుంది, అలాంటివాటి సగటుకి అర్థం లేదు. మెష్ మధ్యలో కాస్త లావుగా ఉంటే అక్కడ లేని మెట్టో గుంటో కనిపిస్తుంది. కోత ముందు కోస్తే ఎక్స్, వై, జెడ్ వేగాలే సగటవుతాయి, అది న్యాయమైన సగటు.

సూత్రం సరిగ్గా కొట్టావో లేదో తేల్చుకోవడానికి నేను ఇప్పటికీ చేసే పని ఒకటి చెప్తాను. అసలు వేగాన్ని పక్కన పెట్టి దొంగ వేగం ఒకటి తయారు చెయ్యి: ఎక్స్-వేగం మైనస్ వై, వై-వేగం ఎక్స్, జెడ్-వేగం సున్నా. ఇది రోకలి తిప్పినట్టు గట్టి ముద్దలా తిరిగే గాలి. దీని మీద నీ సూత్రం వేస్తే టాంజెన్షియల్ సరిగ్గా ఆర్‌తో సమానం రావాలి, రేడియల్ అంతటా సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో బ్రాకెట్టో గుర్తో తప్పింది.

ఇప్పుడు అసలు విషయం. నేను ఇంత పొడుగు రాయడానికి కారణం ఇదే. పైన "నడిమి గీత సరిగ్గా జెడ్ మీద ఉందనుకుందాం" అన్నాను చూడు, ఆ అనుకోవడం దగ్గరే నాకు ఒకసారి పరువు పోయింది.

కొన్నేళ్ళ కిందట పర్లాకిమిడి దగ్గర ఒక రైస్ మిల్లులో ధూళి పట్టే సైక్లోన్ పని చెయ్యట్లేదని పిలిచారు. ఊక దుమ్ము అంతా పై గొట్టంలోంచి బయటికి పోయి పక్క వీధి మేడల మీద ఆరేసిన బట్టల మీద పడుతోంది, రోజూ తగువు. నేను టేపు పెట్టి కొలతలు తీసుకున్నాను, డ్రాయింగ్ కుర్రాడు బొమ్మ గీశాడు, సిమ్యులేషన్ నడిపాను, రేడియల్ వేగం బొమ్మ తీశాను. మధ్య గొట్టం కింద ఒక పక్క గాలి లోపలికి, ఇంకో పక్క బయటికి పోతున్నట్టు స్పష్టంగా కనిపించింది. వోర్టెక్స్ ఫైండర్ అని పుస్తకాల్లో రాస్తారే, ఆ మధ్య గొట్టం వంకరగా బిగించారు, అందుకే సుడి పక్కకి జరిగింది అని తేల్చేశాను. వాళ్ళు పాపం రెండు రోజులు మిల్లు ఆపి గొట్టం కోయించి మళ్ళీ వెల్డింగ్ చేయించారు. దుమ్ము తగ్గలేదు. నేను రాత్రి కూర్చుని మళ్ళీ చూసుకుంటే తెలిసింది, డ్రాయింగ్‌లో ఒక పక్క రేకు బయటి అంచు నుంచి, ఇంకో పక్క లోపలి అంచు నుంచి కొలిచి, దానికి తోడు టేపు తేడా కూడా కలిసి, మూలబిందువు అసలు సెంటరుకి 4 మిల్లీమీటర్లు పక్కకి పడింది. నా సూత్రం ఆ తప్పు సెంటరు చుట్టూ లెక్క కట్టింది. మిల్లు యజమాని అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెతలా వాడుకుంటాం: "వంకర గొట్టానిదా బాబూ, మీ కంప్యూటరుదా?" అసలు జబ్బు ఏమిటంటే కింద దుమ్ము దిగే రోటరీ వాల్వు రబ్బరు అరిగిపోయి అక్కడి నుంచి గాలి లోపలికి పీలుస్తోంది, కిందికి చేరిన దుమ్ముని మళ్ళీ పైకి లేపుతోంది. చేత్తో పట్టుకుని చూస్తే తెలిసిపోయేది.

4 మిల్లీమీటర్లకి అంత కథ ఎందుకయిందో అంకెలతో చూడు, నీ సైక్లోనే తీసుకుందాం. నువ్వు స్టెయిర్‌మాండ్ అనే ఇంజనీరు 1951లో ఇచ్చిన హై-ఎఫిషియెన్సీ కొలతలు వాడావన్నావు. అంటే 400 వ్యాసానికి ఇన్‌లెట్ ఎత్తు 200, వెడల్పు 80, మధ్య గొట్టం వ్యాసం 200, మొత్తం ఎత్తు 1600, మధ్య గొట్టం లోపలికి దిగింది 200. ఇన్‌లెట్‌లో సెకనుకు 15 మీటర్లు పెట్టావు, కాబట్టి సెకనుకు 0.24 ఘనపు మీటర్ల గాలి. ఈ గాలంతా మధ్య గొట్టం అంచు నుంచి కిందికి ఊహించుకున్న ఒక గొట్టపు గోడ దాటి లోపలికి రావాలి. ఆ ఊహా గొట్టం వ్యాసం 0.2 మీటర్లు, ఎత్తు 1.4 మీటర్లు, వైశాల్యం దాదాపు 0.88 చదరపు మీటర్లు. భాగిస్తే సగటు రేడియల్ వేగం సెకనుకు 0.27 మీటర్లు, అంతే. అదే చోట చుట్టూ తిరిగే వేగం సుమారు 20 మీటర్లు ఉంటుంది. ఇప్పుడు సెంటరు 4 మిల్లీమీటర్లు తప్పితే ఏమవుతుంది? టాంజెన్షియల్‌లో కొంచెం ముక్క రేడియల్‌లోకి కారుతుంది. ఎంతంటే 20 ని 4 తో గుణించి 100 మిల్లీమీటర్ల ఆర్‌తో భాగించు, 0.8. అసలు రేడియల్ 0.27, దొంగ రేడియల్ 0.8. అసలుకి మూడింతలు. అదే తప్పు టాంజెన్షియల్ బొమ్మలో పెట్టి చూస్తే 20 లో ఏదో కాస్త తేడా, కంటికి ఆనదు. అంటే సెంటరు తప్పితే టాంజెన్షియల్ బొమ్మ చక్కగానే ఉంటుంది, రేడియల్ బొమ్మ మొత్తం అబద్ధమవుతుంది. అందుకే మీ సారు మూడూ అడిగారు. మూడింటిలో రేడియలే చిన్నది, రేడియలే మొండిది.

దొంగ రేడియల్‌ని గుర్తుపట్టడం కూడా తేలికే. అడ్డంగా కోసిన గుండ్రటి కోతలో చూస్తే సెంటరు ఎటు జరిగిందో దానికి అడ్డ దిక్కులో ఒక పక్క ప్లస్సు, ఎదురు పక్క మైనస్సు, సరిసమానంగా ఉంటుంది. చుట్టూతా సగటు తీస్తే దాదాపు సున్నాకి కొట్టుకుపోతుంది. అసలు రేడియల్ సగటుకి పోదు, లోపలికే మిగులుతుంది. అందుకే నేను రేడియల్‌ని ఒక్క గీత మీద ఎప్పుడూ నమ్మను, అదే ఎత్తులో ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది గీతలు వేసి సగటు తీస్తాను. పై భాగంలో మాత్రం, ఇన్‌లెట్ దగ్గర, గాలి నిజంగానే ఒక పక్క నుంచి వస్తుంది కాబట్టి సగటు తీస్తే ఉన్న విషయం చెరిగిపోతుంది. అక్కడ తియ్యకు.

సెంటరు ఎక్కడుందో కనుక్కోవడానికి డ్రాయింగ్‌ని నమ్ముకోకు. పారావ్యూలో అవుట్‌లెట్ ప్యాచ్‌ని, అంటే గాలి బయటికి పోయే మూతని, మాత్రం విడిగా తీసుకుని ఇన్‌ఫర్మేషన్ పేనల్‌లో బౌండ్స్ చూడు. అది గుండ్రటి మూత కదా, ఎక్స్ మైనస్ 0.096 నుంచి 0.104 వరకు ఉందంటే సెంటరు 0.004 దగ్గర ఉన్నట్టు. వై కి కూడా అలాగే. కింద దుమ్ము దిగే మూతకి కూడా చూడు, రెండు సెంటర్లు కలవకపోతే గీత ఏటవాలుగా ఉన్నట్టు, అప్పుడు జ్యామెట్రీనే సరిచెయ్యడం మేలు. సెంటరు దొరికాక సూత్రంలో ఎక్స్ ఉన్న చోటల్లా ఎక్స్ లోంచి దాన్ని తీసేసి రాయి. ఇంకో మాట, ఎస్‌టీఎల్ ఫైలు (సైక్లోన్ ఆకారం ఉన్న ఫైలు) మిల్లీమీటర్లలో ఇచ్చి మెష్‌ని 0.001 తో తగ్గించావా లేదా అని కూడా చూసుకో. బౌండ్స్‌లో 0.1 బదులు 100 కనిపిస్తే నీ గాలి 400 మీటర్ల సైక్లోన్‌లో తిరుగుతున్నట్టు. నవ్వకు, నేను చూశాను అలాంటివి.

రంగుల సంగతి. మూడింటికీ ఒకే స్కేలు పెట్టకు. టాంజెన్షియల్‌ది సున్నా నుంచి పాతిక దాకా పోతుంది, అదే స్కేలులో రేడియల్ పెడితే మొత్తం ఒకే రంగు, ఏమీ కనిపించదు. రేడియల్‌కి మైనస్ 1 నుంచి ప్లస్ 1, యాక్సియల్‌కి మైనస్ 10 నుంచి ప్లస్ 10 అలా సున్నాకి రెండు పక్కలా సమానంగా పెట్టు, మధ్యలో తెలుపు వచ్చే నీలం-ఎరుపు పట్టీ వాడు. సాఫ్ట్‌వేర్ దానంతట అది స్కేలు పెట్టుకుంటే మైనస్ 3 నుంచి ప్లస్ 11 అని పెడుతుంది, అప్పుడు తెలుపు 4 దగ్గర పడుతుంది, పైకి వెళ్ళే గాలి కూడా కిందికి వెళ్తున్నట్టు నీలంగా కనిపిస్తుంది. యాక్సియల్‌లో సున్నా ఎక్కడుందన్నదే ముఖ్యం. గోడ పక్కన కిందికి దిగే గాలి, మధ్యలో పైకి లేచే గాలి, రెండిటి మధ్య గట్టు అది. దాని మీద కాంటూర్ ఫిల్టర్‌తో సున్నా విలువకి ఒక్క గీత గీస్తే వంద రంగుల కంటే అది ఎక్కువ చెప్తుంది. ఇంద్రధనుస్సు పట్టీ మాత్రం వద్దు, ఆకుపచ్చ నుంచి పసుపుకి మారే చోట గాలిలో లేని గోడ కంటికి కనిపిస్తుంది.

స్ట్రీమ్‌లైన్లు, అంటే గాలి పోయే దారి చూపే గీతలు, వేస్తే తోరణాలు చిక్కుపడినట్టు వచ్చాయన్నావు. వస్తాయి మరి. నిలువు కోత మీద స్ట్రీమ్ ట్రేసర్ వేస్తే అది మొత్తం వేగాన్ని వాడుకుంటుంది, అందులో పెద్ద భాగం కోతలోంచి బయటికి పోయేదే, కాబట్టి గీత మొదలైన చోటే తెగిపోతుంది. నిలువు కోతలో నీకు కావలసింది రేడియల్, యాక్సియల్ మాత్రమే. క్యాలిక్యులేటర్‌లో ఎక్స్-వేగం, జెడ్-వేగం మాత్రం ఉంచి వై-వేగం సున్నా చేసిన కొత్త వెక్టర్ తయారు చేసి, దాని మీద బాణాలు కానీ గీతలు కానీ వెయ్యి. మధ్య గొట్టం అంచు దగ్గర గాలి పూర్తిగా కిందికి దిగకుండానే అడ్డదారిన లోపలికి దూరే చోటు అప్పుడే కనపడుతుంది. దుమ్ము దొంగదారి అదే. సర్ఫేస్ ఎల్‌ఐసీ అనే పద్ధతి ఉంది, అది వేగాన్ని తానే కోత మీదికి వంచుకుని, నూనె పూసిన పలక మీద చీపురు లాగినట్టు చారలు వేస్తుంది. బొమ్మ అందంగా ఉంటుంది, కానీ చారలకి వేగం ఎంతో తెలీదు, కాబట్టి కింద రంగు తప్పక ఉండాలి. మొత్తం 3డీ స్ట్రీమ్‌లైన్లు థీసిస్ అట్ట మీదికి పనికొస్తాయి, ఇన్‌లెట్ నుంచి పది పదిహేను చాలు, వంద వేస్తే సేమ్యా ఉప్మా.

ఇంక బొమ్మలో ఏం కనిపించాలి అన్నది, అది తెలీకుండా బొమ్మ తీసి లాభం లేదు. తిత్లీ తుఫాను గుర్తుండే ఉంటుంది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదికి వచ్చింది. తుఫానుకీ నీ రేకు సైక్లోన్‌కీ పేరు ఊరికే కలవలేదు. తుఫాను కన్నులో గాలి దాదాపు ఉండదు, కన్ను చుట్టూ గోడలో ఎక్కువ, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. నీ సైక్లోన్‌లోనూ అంతే: గీత మీద టాంజెన్షియల్ సున్నా, అక్కడి నుంచి బయటికి తిన్నగా పెరుగుతుంది, మధ్య గొట్టం వ్యాసార్థానికి కాస్త ఇటుగానో అటుగానో శిఖరం, ఆ తర్వాత గోడ దాకా మెల్లగా తగ్గి, గోడ దగ్గర టక్కున సున్నా. లోపలి భాగం గట్టి ముద్దలా తిరుగుతుంది, బయటిది స్వేచ్ఛగా. బయటి భాగంలో ఆదర్శంగా అయితే వేగం, ఆర్ గుణిస్తే మారకూడదు, కానీ గోడ రాపిడి వల్ల అంత నిటారుగా పెరగదు. ఆర్‌ని 0.5 నుంచి 0.8 మధ్య ఏదో ఘాతానికి ఎత్తి వేగంతో గుణిస్తే దాదాపు మారదు, షెపర్డ్, లాపుల్ 1939లోనే చెప్పారు ఈ సంగతి. నీ సైక్లోన్‌లో 100 మిల్లీమీటర్ల దగ్గర 20 మీటర్లు అంటే గాలిని లోపలికి లాగే త్వరణం భూమి ఆకర్షణకి సుమారు నాలుగువందల రెట్లు. బరువైన ధూళి అంత గట్టిగా మలుపు తిరగలేక గోడకి అంటుకోవడానికి కారణం ఇది. చేటతో తూర్పారబట్టేటప్పుడు గాలీ బరువూ చేసే పనే, మీటరు చోటులో నాలుగువందల రెట్లు గట్టిగా.

ఇక్కడికి వచ్చాక నీ లెక్క సంగతి. నువ్వు గాలి అల్లకల్లోలాన్ని (టర్బులెన్స్) లెక్కగట్టడానికి కె-ఎప్సిలాన్ మోడల్ వాడావని కింద చిన్నగా రాశావు. అదే పెద్దగా రాయాల్సింది. ప్లాట్ ఓవర్ లైన్‌తో అడ్డంగా గీత వేసి టాంజెన్షియల్ గ్రాఫు తియ్యి. గీత నుంచి దాదాపు గోడ దాకా తిన్నటి ఏటవాలు గీతలా పెరుగుతూ పోయి శిఖరం గోడ పక్కన ఉందంటే, అది సుడి కాదు, నీ టర్బులెన్స్ మోడల్ చేసిన ముద్ద. మామూలు కె-ఎప్సిలాన్ అన్ని దిక్కులకీ ఒకే చిక్కదనం అంటగడుతుంది, గట్టిగా తిరిగే గాలిలో ఆ చిక్కదనం ఎక్కువైపోయి బయటి స్వేచ్ఛా సుడిని కూడా ముద్దలోకి లాగేస్తుంది. సైక్లోన్‌కి ఒక్కో దిక్కుకీ అల్లకల్లోలాన్ని విడిగా లెక్కగట్టే రెనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ వాడు, ఓపెన్‌ఫోమ్‌లో ఎల్ఆర్ఆర్, ఎస్ఎస్‌జీ అన్న పేర్లతో ఉంటాయి, లేదా మెషీన్ తట్టుకుంటే పెద్ద సుడులని నేరుగా లెక్కగట్టే ఎల్‌ఇఎస్. కాలేజీ ల్యాబు కంప్యూటరు మీద ఎల్‌ఇఎస్ అంటే దసరాకి మొదలెట్టి సంక్రాంతికి చూసుకోవాలి, అది వేరే సంగతి. మొదట కె-ఎప్సిలాన్ జవాబునే ఆరంభంగా ఇచ్చి రెనాల్డ్స్ స్ట్రెస్ మొదలుపెట్టు, ఉత్త గాలి నుంచి మొదలుపెడితే తరచూ పేలిపోతుంది. రెండు గ్రాఫులూ ఒకే బొమ్మలో పెట్టి చూపించు, మీ సారుకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

సుడి మధ్యభాగం కదలకుండా ఉండదని కూడా గుర్తుంచుకో. వర్షాకాలం నాగావళిలో మా రాయగడ వేలాడే వంతెన మీద నిలబడి చూస్తే సుడిగుండం తను తిరుగుతూనే పక్కకి కూడా ఊగుతుంటుంది. సైక్లోన్‌లో సుడి గీత కూడా అసలు గీత చుట్టూ అలాగే ఊగుతూ తిరుగుతుంది. ఒక్క క్షణం ఫొటో తీసి రేడియల్ చూస్తే, సెంటరు ఖచ్చితంగా ఉన్నా, నేను చెప్పిన ప్లస్సు-మైనస్సు బొమ్మే మళ్ళీ వస్తుంది, ఈసారి నిజంగానే. రెండిటికీ తేడా ఎలా పట్టుకోవాలంటే, నాలుగైదు వేర్వేరు సమయాల్లో చూడు: ప్లస్సు పక్క తిరుగుతుంటే సుడి ఊగుతోంది, ఎప్పుడూ ఒకే చోట పాతుకుపోయి ఉంటే నీ సెంటరు తప్పింది. అందుకే ఫీల్డ్ ఏవరేజ్ ఫంక్షన్ పెట్టి, గాలి స్థిరపడ్డాక చాలా చుట్ల పాటు సగటు తీసి, ఆ సగటు వేగం మీదే సూత్రం వెయ్యి. సగటు ముందు తీసినా, సూత్రం ముందు వేసినా జవాబు ఒకటే. కానీ ఊగిసలాట కొలతలు, అంటే ఆర్‌ఎమ్‌ఎస్‌లు, అలా కుదరవు. ఎక్స్ ఆర్‌ఎమ్‌ఎస్, వై ఆర్‌ఎమ్‌ఎస్ తీసుకుని ఈ సూత్రంలో పడేస్తే వచ్చేది చెత్త. వాటికి రెనాల్డ్స్ స్ట్రెస్ టెన్సర్‌నే (ఊగిసలాటల పట్టిక) తిప్పాలి, ఎక్స్-వై పదంతో సహా. ఇది జర్నల్ పేపర్లలో కూడా తప్పు చేసినవాళ్ళని చూశాను.

వర్టిసిటీకి, అంటే గాలి ముక్క తన చుట్టూ తాను తిరిగే కొలతకి, రంగు వేస్తే సుడి కనిపించదా అని అడిగావు చివర్లో. కనిపించేది గోడ. నదిలో సుడి అంచున ఒక ఆకు పడేసి చూడు, అది సుడి చుట్టూ తిరుగుతుంది కానీ తన చుట్టూ తాను పెద్దగా తిరగదు. స్వేచ్ఛా సుడిలో వర్టిసిటీ దాదాపు ఉండదు, గోడ పక్క పొరలో బోలెడుంటుంది. సుడి కడ్డీని బొమ్మగా చూపించాలంటే 1988లో హంట్, రే, మోయిన్ చెప్పిన క్యూ కొలమానం (తిరుగుడు ఎక్కడ సాగుడుని మించిందో చెప్పేది) తీసుకో, పారావ్యూ గ్రేడియెంట్ ఫిల్టర్‌లోనే టిక్ పెట్టే చోటుంది. దాని ఐసో-సర్ఫేస్ (ఒకే విలువ ఉన్న చోట్లన్నీ కలిపే పొర) గీసి, దానికి యాక్సియల్ వేగంతో రంగు వేస్తే ఊగే కడ్డీ, దానిలో గాలి పైకి పోతోందా లేదా, రెండూ ఒకే బొమ్మలో.

ఫ్లూయెంట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడే నీ స్నేహితుడికి చెప్పు, వాడికి ఈ మూడు పేర్లూ మెనూలో రెడీగా ఉంటాయి, కానీ అవి సెల్ జోన్‌లో పెట్టిన రొటేషన్ యాక్సిస్ చుట్టూ లెక్క కడతాయి. ఆ గడిలో ఏమీ ముట్టుకోకపోతే ఉన్నదానినే పట్టుకుని చక్కగా తప్పు జవాబిస్తుంది. నీకన్నా వాడికే ప్రమాదం ఎక్కువ, బటన్ ఉంది కదా అని నమ్మేస్తాడు.

చివరగా లెక్క సరిచూసుకోవడానికి ఒక్కటి చెయ్యి. మధ్య గొట్టం లోపల అడ్డంగా కోసి, ఇంటిగ్రేట్ వేరియబుల్స్ ఫిల్టర్‌తో యాక్సియల్ వేగం మొత్తం తీస్తే 0.24 దగ్గర రావాలి, వైశాల్యంతో భాగిస్తే సగటు సెకనుకు 7.6 మీటర్లు. దాని కింద, కోను మీద ఎక్కడ అడ్డంగా కోసినా పైకి పోయేదీ కిందికి దిగేదీ సమానమై మొత్తం సున్నా రావాలి, ఎందుకంటే కింద మూత మూసి ఉంది. రాకపోతే గాలి ఎక్కడో కారుతోంది, లేదా లెక్క ఇంకా కుదురుకోలేదు.

ముందు ఆ బౌండ్స్ అంకెలు చూసి సెంటరు ఎంతొచ్చిందో రాయి. తర్వాత జెడ్ ఒకే ఎత్తులో, మైనస్ 1 నుంచి ప్లస్ 1 స్కేలుతో, రేడియల్ ఒక్క బొమ్మ పెట్టు. రాత్రి తొమ్మిది దాటాక చూస్తాను, పగలంతా మా వైపు మిల్లుల్లో తిరుగుతుంటాను, సిగ్నల్ ఉండదు.